సోలెడు అంటే ఎన్ని ఔన్సులు?

నర్సు ట్రైనింగులో నాకు ఇంజెక్షన్లు చెయ్యడం, కట్లు కట్టడం, జ్వరం చార్టు గీయడం అన్నీ నేర్పించారు. బియ్యం కొలవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది నేను చోడవరంలో, ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. నా సర్వీసు మొత్తంలో ఎక్కువ తృప్తినిచ్చిన పని ఏదని ఎవరైనా అడిగితే ఆపరేషన్ థియేటర్ గురించి చెబుతానని అనుకుంటారు. నేను మాత్రం ఆసుపత్రి వంటింట్లో తక్కెడ ముందు కూర్చున్న రోజుల గురించే చెబుతాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్ల సంగతి మీకు ఎలాగూ తెలుస్తుంది. పుస్తకంలో ఉన్న మోతాదుకీ, రోగి ఇంట్లో ఉన్న గిన్నెకీ మధ్య ఎంత దూరం ఉంటుందో మీకు ఎవరూ చెప్పకపోవచ్చు. అది చెబుదామనే.

ఆసుపత్రి, దాని వెనక వంటిల్లు

నేను చేరింది పందొమ్మిది వందల యాభైల్లో. పెంకుటింట్లో నడిచే చిన్న ఆసుపత్రి. ముందు వరండాలో ఓపీ, లోపల రెండు వార్డులు, వెనక పెరట్లో వంటిల్లు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెరకు, వరి పండించే రైతులు, వాళ్ల ఆడవాళ్లు. నేను ఆదివారం చర్చికి వెళ్తానని తెలిసి నన్ను "కిరస్తానం నర్సమ్మ" అనేవారు. అందులో చిన్నచూపు ఏమీ ఉండేది కాదు. మా ఆసుపత్రిలో ఇంకో నర్సమ్మ ఉండేది కనక ఆనవాలు కోసం అలా అనేవారు, అంతే.

పెద్ద డాక్టరు గారిది గట్టి గొంతు. వార్డులో ఆయన కేకలేస్తుంటే రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి వినేవారు. నర్సులు సలహా ఇవ్వడం ఆయనకి గిట్టదు. కానీ టైముకి వచ్చేవారు, రోగిని ముట్టుకుని చూసేవారు, తెలియనిది తెలియదనేవారు. ఈ మూడూ ఉన్న డాక్టరు ఎంత అరిచినా భరించవచ్చునని నా అభిప్రాయం.

ఆయన తల్లి సుగర్ జబ్బుతో పోయింది. అందుకే ఆ జబ్బుతో వచ్చినవాళ్లంటే ఆయనకి ప్రత్యేకమైన పట్టుదల. అప్పట్లో సుగర్ అంటే ఇప్పటిలా వేలి మీద సూది గుచ్చి చూసుకునేది కాదు. పరీక్ష గొట్టంలో నీలం మందు పోసి, అందులో మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవాళ్లం. నీలంగానే ఉంటే సుగర్ లేదు. ఆకుపచ్చగా మారితే కొంచెం ఉంది. ఇటుక రంగు వచ్చిందంటే బాగా ఉంది. ఇన్సులిన్ సీసాలు విశాఖపట్నం నుంచి తెప్పించి, తడి ఇసక పోసిన కుండలో దాచేవాళ్లం.

ఇన్సులిన్‌కి తగ్గ తిండి పడాలి. తిండి ఎక్కువైతే సుగర్ ఎక్కుతుంది. తక్కువైతే మనిషి పడిపోతాడు. అందుకని డాక్టరు గారు విశాఖపట్నం నుంచి ఒక వంటింటి తక్కెడ తెప్పించారు. పైన తెల్ల పళ్లెం, ముందు గుండ్రటి ముఖం, ముల్లు, చుట్టూ పౌన్లు, ఔన్సుల అంకెలు. మా వంట మనిషి పైడమ్మ దాన్ని చూసి ముఖం చిట్లించింది.

"ఈ గడియారం ఏటమ్మా? అన్నం ఎప్పుడుడుకుతాదో సెప్తాదేటి?" అంది.

పైడమ్మకి కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్ద తెలుసు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు మానిక. అన్నీ నింపి కొలిచేవే. అందులో పోసేది బియ్యమా, పప్పా, పిండా అన్న పేచీ లేదు. గిన్నె నిండితే కొలత అయినట్టే. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ అలాగే వండుకునేవి. మా అమ్మా అలాగే వండేది.

సన్యాసినాయుడు

వానాకాలం చివర్లో సన్యాసినాయుడు వచ్చాడు. చోడవరం నుంచి గోవాడ వెళ్లే దారిలో లోపలికి ఉన్న ఊరు ఆయనది. బెల్లం వండడంలో పేరున్న మనిషి. చెరకు ఆడే రోజులొస్తే తమ గానుగ పని చూసుకుంటూనే పక్క ఊళ్లవాళ్లు పిలిస్తే వెళ్లి పెనం దగ్గర నిలబడేవాడు. పాకం ఎప్పుడు దించాలో ఆయన చెప్పిందే మాట. కాలికి చిన్న పుండు లేచి ఎంతకీ మానడం లేదని భార్య కొండమ్మ తీసుకొచ్చింది. గొట్టంలో మందు కాచగానే ఇటుక రంగు తేలింది.

"బెల్లం మేస్త్రికి సుగర్ జబ్బు" అని కాంపౌండరు గారు నవ్వబోయారు. డాక్టరు గారి చూపు పడి ఊరుకున్నారు.

మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచాం. బియ్యం, పప్పు నేను తూచి ఇచ్చేదాన్ని, పైడమ్మ విడిగా చిన్న గిన్నెలో వండేది. నాయుడు పళ్లెం చూసుకుని "పిట్టకి పెట్టినట్టు పెడతన్నావు నర్సమ్మా" అనేవాడు గాని, మెతుకు ఎక్కువ అడిగేవాడు కాదు. ఇన్సులిన్ మోతాదు కుదిరింది. పుండు ఎర్రబారి మానే దారి పట్టింది. డాక్టరు గారు ఇంటికి పంపేస్తూ తిండి కాగితం రాశారు. పొద్దున ఇన్ని ఔన్సుల బియ్యం, రాత్రి ఇన్ని. బియ్యం కుదరని పూట అటుకులు గాని, చోడిపిండి (రాగిపిండి) గాని, అదే మోతాదు.

నేను కాగితం చదివి చెబుతుంటే కొండమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"ఔన్సంటే ఏటి నర్సమ్మా? మా ఇంట్లో సోలుంది, గిద్దుంది. ఔన్సు లేదు."

డాక్టరు గారు కాంపౌండరుని పిలిచి, "ఔన్సుల్ని వీళ్ల కొలతలోకి మార్చి చెప్పవయ్యా" అన్నారు. కాంపౌండరు గారు కొండమ్మ ఇంటి నుంచి తెప్పించిన సోల తీసుకుని, మందులు కొలిచే ఔన్సు గ్లాసుతో నీళ్లు పోసి లెక్కపెట్టారు. పొద్దుటి బియ్యం సరిగ్గా అరసోల అని తేల్చి కాగితం మీద రాశారు. డాక్టరు గారు ఒక చూపు చూసి సంతకం పెట్టారు. నిజానికి అప్పుడు మాలో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

కాంపౌండరు గారిదీ ఆ ఊరే. రోజూ పొద్దున్నే నాయుడికి ఇంజెక్షను చేసి డ్యూటీకి వచ్చేవారు. వారానికోసారి తెచ్చిన మూత్రం కాచి చూస్తే నీలంగానే ఉండేది. మందు బాగా పనిచేస్తోందని మేమంతా సంతోషించాం. తిండి మేమనుకున్నదాని కన్నా తక్కువ పడుతోందని, అందుకే అంత నీలంగా ఉంటోందని ఎవరం అనుకోలేదు. ఫలితం బాగున్నప్పుడు ఎందుకు బాగుందని ఎవరూ అడగరు. అప్పుడు కూడా అడగాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

గానుగ దగ్గర

చెరకు నరకడం మొదలైంది. నాయుడు ఇంట్లో కూర్చునే మనిషి కాదు. పుండు దాదాపు మానింది కదా అని పెనం దగ్గరికి వెళ్లిపోయాడు. ఆసుపత్రికి రావడానికి తీరిక లేదని కబురు పెడితే, కట్టు మార్చడానికి నేనే వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటికి తాళం ఉంది. అడిగితే అందరూ గానుగ దగ్గరే ఉన్నారన్నారు.

ఎడ్లు గానుగ తిప్పుతున్నాయి. తొట్టిలోకి రసం సన్నగా కారుతోంది. పెద్ద పెనంలో రసం పొంగుతూ మరుగుతోంది. నాయుడు తెడ్డు పట్టుకుని పెనం అంచున నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఎవులమ్మా నువ్వు?" అన్నాడు.

మూడు వారాలు నా చేతి తిండి తిన్న మనిషి. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. ముఖం చూస్తే వేళాకోళం లేదు.

పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తున్న వాళ్ల అన్న అప్పన్న నవ్వాడు. "పొద్దున్నే ఎక్కడో తాగీసి వచ్చేడమ్మా. అడిగితే కసురుతన్నాడు."

"తాగలేదు బావా" అంది కొండమ్మ. "నా కళ్లముందే ఉన్నాడు. ఇందాకట్నించీ ఏదోలా ఉన్నాడు. నన్ను పట్టుకుని సచ్చిపోయిన మా అత్త పేరెట్టి పిలిసేడు."

దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. అంత సెగలో నిలబడ్డ మనిషి చెయ్యి చల్లగా ఉంది. చెమట కారిపోతోంది. వేళ్లు వణుకుతున్నాయి. నాకు విషయం అర్థమయ్యేలోపే ఆయన ముందుకి తూలాడు. తెడ్డు చేతిలోంచి జారి పెనంలో పడింది. అప్పన్న ఒక భుజం, నేను ఒక భుజం పట్టి వెనక్కి లాగాం. ఇంకో అడుగు ముందుకి పడి ఉంటే ఏమయ్యేదో నేను ఇక్కడ రాయను.

పిప్పి కుప్ప మీద కూర్చోబెట్టి, "రసం తెండి" అన్నాను.

"ఏ రసం?" అన్నాడు అప్పన్న.

"చెరకు రసం. కారుతున్నది పట్టి తెండి."

ఎవరూ కదల్లేదు. గానుగ తోలుతున్నవాళ్లు కూడా ఎడ్లని ఆపి చుట్టూ చేరారు. అప్పన్న నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సుగరు రోగం మనిసికి సెరుకు రసమా? నువ్వే గదమ్మా, బెల్లం గడ్డ నోట్లో ఎట్టుకోవద్దని మా తమ్ముడికి సెప్పేవు. ఇప్పుడు రసం తాగించీమంటావేటి?"

ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? మేం చెప్పినదే ఆయన నాకు తిరిగి చెబుతున్నాడు.

"అప్పుడు ఒంట్లో సుగర్ ఎక్కువగా ఉండేది. ఇప్పుడు తక్కువైపోయి ఇలా అయ్యాడు. మందు పడింది, దానికి తగ్గ తిండి పడలేదు. ఇప్పుడు తీపి పడకపోతే స్పృహ పోతుంది. అప్పుడు తాగించడానికి కూడా ఉండదు" అన్నాను.

"ఏటన్నా అయితే ఎవులిది పూసీ?"

"నాదే."

ఆ మాట గట్టిగానే అన్నాను గాని, ఇలాంటి మనిషిని ట్రైనింగులో ఒక్కసారే చూశాను, అదీ వార్డులో, పక్కన ఇద్దరు డాక్టర్లుండగా. ఇక్కడ మరుగుతున్న పెనం, నన్నే చూస్తున్న జనం తప్ప ఎవరూ లేరు.

కొండమ్మ నా ముఖం చూసింది. మొగుడి ముఖం చూసింది. చెంబు తీసుకుని గానుగ కిందికి పోయి తొట్టిలో ముంచింది. తెచ్చి ఆయన తల తన భుజానికి ఆనించుకుని, "తాగు" అంది. గుటక దిగిందో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా పోసింది. నేను నాడి పట్టుకుని కూర్చున్నాను. అప్పన్న అటు తిరిగి నిలబడ్డాడు.

ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. చాలాసేపనిపించింది. ముందు వణుకు తగ్గింది. తర్వాత చూపు నిలిచింది. నాయుడు చుట్టూ చూసి, పెనం వైపు చూసి, భార్య వైపు తిరిగి మొదటి మాట అన్నాడు.

"ఒసే, తెడ్డేదే? పాకం మాడిపోతంది."

నవ్విన మొదటి మనిషి అప్పన్నే. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత కొండమ్మని పక్కకి పిలిచి, పొద్దున ఏం పెట్టావని అడిగాను.

"గానుగ రోజులు గదా, తెల్లారీసరికి అన్నం వండడం అవటం లేదు. అటుకులు నానబెట్టి మజ్జిగేసి ఎడతన్నాను. అరసోలే ఎట్టేను నర్సమ్మా. కాయితంలో ఉన్నట్టే. గింజ తక్కువ ఎయ్యలేదు."

తక్కెడ ముందు

ఆ మధ్యాహ్నమే నాతోపాటు కొండమ్మ ఆసుపత్రికి వచ్చింది. చేతిలో వాళ్ల సోల, కొంగున మూట కట్టిన అటుకులు. జరిగింది చెప్పగానే డాక్టరు గారు ఎప్పటిలాగే కేకలకి లంకించుకున్నారు.

"చెప్పిన మాట వినరు వీళ్లు. ఎన్నిసార్లు చెప్పాలి?"

కొండమ్మ తల ఎత్తి, "ఇన్నాను బాబూ" అంది. "ఇన్నాను గాబట్టే ఇలగయింది."

ఆయన ఆగిపోయారు. ఆయన్ని అలా ఎవరైనా ఆపడం నేను చూడడం అదే మొదలు. నేనా సందు చూసుకుని, "ఒకసారి తూచి చూద్దాం సార్" అన్నాను. ఆయన వంటింటి వైపు నడిచారు.

పైడమ్మ తక్కెడ తుడిచి పెట్టింది. కొండమ్మ ఇంట్లో పోసినట్టే తన సోలతో అరసోల బియ్యం పోసింది. కాగితంలో రాసినదానికన్నా ముల్లు వెనకే ఆగింది. అవి తీసి అటుకులు పొయ్యమన్నాను. అదే సోల, అదే సగం. ముల్లు కొంచెం కదిలి నిలబడిపోయింది. బియ్యం తూకంలో సగం కూడా లేదు. డాక్టరు గారు పళ్లెం మీద వేలితో తట్టారు, తక్కెడ పాడయిందేమోనని. మళ్లీ పోయించారు. ముల్లు అక్కడే ఆగింది.

"ఆ రోజు దేంతో కొలిచావయ్యా?" అని కాంపౌండరుని అడిగారు.

"నీళ్లతో సార్. ఔన్సు గ్లాసుతో."

మోసం అంతా ఆ ఔన్సు అనే మాటలో ఉంది. మందు నీళ్లు కొలిచే ఔన్సు ఒకటి, బరువు తూచే ఔన్సు ఒకటి. పేరు ఒకటే. నీళ్లకయితే రెండూ దాదాపు సరిపోతాయి. బియ్యానికి సరిపోవు. గింజల మధ్య ఖాళీ ఉంటుంది కదా. అటుకులకి అసలే సరిపోవు, గిన్నెలో సగం గాలే. పైగా కాగితంలో 'అదే మోతాదు' అని మేం రాసింది అదే బరువు అని. కొండమ్మ ఇంట్లో బరువు లేదు, సోల ఉంది. ఆవిడ దాన్ని అదే సోల అనుకుంది. ఇంకెలా అనుకుంటుంది?

డాక్టరు గారు వంటింటి పీట మీద కూర్చున్నారు. కాంపౌండరు గారి ముఖం పాలిపోయింది. ఇక కేకలే అనుకున్నాం అందరం.

"దాని మీద సంతకం నాది" అన్నారు డాక్టరు గారు మెల్లగా. తర్వాత కొండమ్మ వైపు తిరిగి, "అమ్మా, నీ పొరపాటు ఏమీ లేదు. నీళ్ల లెక్క బియ్యానికి పెట్టాం. చూసుకోవలసింది మేం. మీ ఆయన్ని నువ్వూ ఈ అమ్మాయీ కలిసి నిలబెట్టారు" అన్నారు.

కొండమ్మ, "కాఫీ తాగుతారేటి బాబూ?" అని అడిగింది. అది ఆసుపత్రి వంటిల్లన్న సంగతే మరిచిపోయింది పాపం. పైడమ్మ గబగబా పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

నా సర్వీసులో చాలామంది బాసుల్ని చూశాను. నవ్వుతూ మాట్లాడినవాళ్లున్నారు, నా పేరు ఎంతో మర్యాదగా పిలిచినవాళ్లున్నారు. రోగి ముందు, కింద పనిచేసేవాళ్ల ముందు 'సంతకం నాది' అన్నవాళ్లు అరుదు. ఆ రోజు నుంచి ఆయన ఎంత అరిచినా నాకు కోపం రాలేదు. ఆయనలో కూడా ఒక మార్పు వచ్చింది. కాగితం రాశాక, "ఏమ్మా, ఇది వాళ్లింట్లో ఎలా కుదురుతుంది?" అని నన్ను అడగడం మొదలుపెట్టారు.

చెయ్యి ఎవరిదో ఆ చెయ్యే

తర్వాత కొన్ని వారాలు మధ్యాహ్నాలు ఖాళీ దొరికితే నేనూ పైడమ్మా తక్కెడ ముందు కూర్చునేవాళ్లం. పాత బియ్యం, కొత్త బియ్యం, ఉప్పుడు బియ్యం, కందిపప్పు, మినుగులు, చోడిపిండి, వేరుశనగ గుళ్లు. సోల నింపడం, పళ్లెంలో కుమ్మరించడం, ముల్లు చూడడం. పప్పు బియ్యంతో కొంచెం అటూ ఇటూగా వచ్చేది. పిండి దగ్గరే చిక్కు. ఒకసారి తూచినట్టు రెండోసారి తూగేది కాదు.

పైడమ్మ మీద విసుక్కోబోయాను. తర్వాత గమనించాను. నేను పిండిని చెంచాతో తీసి వదులుగా పోస్తున్నాను. పైడమ్మ సోలతోనే ముంచి నేలకేసి తడుతోంది. తడితే పిండి కిందికి దిగుతుంది, ఇంకో పిడికెడు పడుతుంది.

"ఎందుకలా తడతావు?" అని అడిగాను.

"తట్టకపోతే కొలతెలగవుతాదమ్మా? మా ఇంట్లో అందరం తడతాం" అంది.

మరో ఇంట్లో తట్టరు. ఒకరు తల కొట్టి సమంగా కొలుస్తారు, ఇంకొకరు పైన గోపురంలా రాశి పోస్తారు. ఒక ఇంటి సోల ఇంకో ఇంటి సోలంత ఉండదు. ఈ సంగతి తెలిశాక మేం పట్టిక రాసి గోడకి అంటించే ఆలోచన మానుకున్నాం. ఇంటి గిన్నె తెమ్మనడం, ఆ ఇంట్లో వండే మనిషి చేత, ఆవిడ రోజూ పోసేటట్టే పోయించడం, అది తూచడం, అంతే. మేం నింపి చూపించకూడదు. చెయ్యి ఎవరిదో ఆ చెయ్యే పొయ్యాలి.

అయినా ఒక చిక్కు మిగిలింది. అరసోల మీద అరగిద్ద, బియ్యానికి ఇంత, అటుకులకి అంత అంటే ఎవరికి గుర్తుంటుంది? పొయ్యి రాజేసి, పిల్లలకి పెట్టి, పొలానికి పోయే మనిషికి లెక్కలు చెబితే రెండు రోజులు గుర్తుంటాయి.

దీనికి ఉపాయం మాటల్లో దొరికింది. బజార్లో బుట్టలల్లే అతను ఆసుపత్రికి చేటలు తెచ్చాడు. అతని భుజం మీది వెదురు బొంగు చూసి, పరీక్ష కోసం వచ్చిన కొండమ్మ, "ఇది కోసి కొలతకి సరిపెట్టుకోకూడదేటి?" అంది. నేను, "రెండు కోయిద్దాం, ఒకటి బియ్యానికి, ఒకటి అటుకులకి" అన్నాను. అతను కణుపు అడుగున ఉండేలా ముక్కలు కోసి ఇచ్చాడు. సరైన తూకం బియ్యం తీసి గొట్టంలో పోసేవాళ్లం. పైన ఎంత ఖాళీ మిగిలితే అంత చెక్కించేవాళ్లం. మళ్లీ పోసి చూసేవాళ్లం. చివరికి బియ్యం గొట్టం పొట్టిగా, అటుకుల గొట్టం దానికి రెండింతలు పైగా పొడుగ్గా తేలాయి. చేతిలో పట్టుకుంటేనే ఏది దేనిదో తెలిసిపోతుంది. చదువుతో పని లేదు.

పొడుగు గొట్టం చూసి అప్పన్న, "ఇదేటి, పిల్లంగోవా?" అని ఎగతాళి చేశాడు. "కాదు బావా, నీ తమ్ముడి పానం" అంది కొండమ్మ. ఆయన మళ్లీ ఆ గొట్టాన్ని ఎగతాళి చెయ్యలేదు.

దాని తర్వాత నాయుడికి పరీక్ష చేస్తే ఒక్కోసారి లేత ఆకుపచ్చ వచ్చేది. డాక్టరు గారు దానికే సంతోషించారు. "పెనం ముందు నిలబడే మనిషికి కొంచెం ఆకుపచ్చ ఉంటేనే మంచిది" అని ఇన్సులిన్ కూడా కాస్త తగ్గించారు.

ఆ తర్వాత

మాట ఊళ్లలోకి పాకింది. దేవరాపల్లి వైపు నుంచి, మాడుగుల వైపు నుంచి సుగర్ ఉన్నవాళ్లు ఇంటి గిన్నెలు సంచిలో వేసుకుని బస్సు దిగేవారు. మాడుగుల నుంచి వచ్చిన ఒక పెద్దాయన గిన్నెతోపాటు హల్వా పొట్లం కూడా తెచ్చి, "ఇది ఎన్ని ఔన్సులు తినవచ్చండి?" అని డాక్టరు గారిని అడిగాడు. "వాసన ఎన్ని ఔన్సులైనా చూడవచ్చు" అన్నారు డాక్టరు గారు. పొట్లం మాత్రం ఆసుపత్రిలోనే ఉండిపోయింది. దాన్ని మేం తూచలేదు.

ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి ఔన్సులు, వీశెలు పోయి కిలోలు, గ్రాములు వచ్చాయి. కాగితాలన్నీ మళ్లీ రాయాల్సి వచ్చింది. పైడమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఔన్సులిప్పుడే నోటికొచ్చేయి. మళ్లీ గ్రాములేటమ్మా?" మా కాగితాలు మారాయి గాని, వెదురు గొట్టాలు మారలేదు. లోపల పట్టే బియ్యం అవే కదా. ఊళ్లలో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. సర్కారు కొలతలు మారిన సంగతి మా రోగుల్లో సగం మందికి తెలియనే లేదు.

పెద్ద డాక్టరు గారి తర్వాత వచ్చినాయన బాగా చదువుకున్న మనిషి, మృదువుగా మాట్లాడేవారు. నర్సు వంటింట్లో బియ్యం తూచడం ఏమిటని, అది తన స్టాఫ్‌కి చిన్నతనమని తక్కెడ స్టోర్‌రూములో పెట్టించారు. నాకు అది నచ్చలేదు. ఆయనతో వాదించలేదు, పైడమ్మ చేత తిరిగి తెప్పించుకుని పని కొనసాగించాను. ఆయన చూసీ చూడనట్టు వెళ్లిపోయేవారు. మీకూ ఇలాంటివాళ్లు తగులుతారు. ఏ పని చిన్నదో, ఏది పెద్దదో హోదా చూసి చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి. ఇంజెక్షను చెయ్యడం ఎంత నర్సు పనో, ఆ ఇంజెక్షనుకి తగ్గ మెతుకులు పళ్లెంలో పడ్డాయో లేదో చూడడమూ అంతే నర్సు పని.

ఇంకొకటి. రోగి కోలుకోలేదంటే "మాట వినలేదు" అని మొదటే అనకండి. ఏ మాట విన్నాడో అడగండి. మనం చెప్పినది వాళ్లింటికి చేరేసరికి ఏమయిందో చూడండి. వీలైతే వెళ్లి చూడండి.

నాకు చోడవరం నుంచి ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడు కొండమ్మ కబురు పెట్టింది, భోజనానికి రమ్మని. వెళ్లాను. నాయుడు అరుగు మీద కూర్చుని పక్క ఊరి కుర్రాళ్లకి పాకం గురించి ఏదో చెబుతున్నాడు. రుచి చూడకుండా, చల్లటి నీళ్లలో బొట్టు వేసి వేళ్లతో నొక్కి చెప్పడం ఎలాగో నేర్పుతున్నాడు. పుండు ఉన్న చోట తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. అప్పన్న నన్ను చూసి లేచి నిలబడి, తన మంచం మీద కూర్చోమన్నాడు.

కొండమ్మ విస్తరి వేసి అన్నం వడ్డించింది. వంకాయ కూర, పప్పు, గెడ్డపెరుగు. అన్నం గుట్టలా పోస్తోంది. చాలు చాలంటున్నా ఆగలేదు.

"ఇంత ఎలా తింటానే, కొలవవా?" అన్నాను.

"నీకు కొలతేటి నర్సమ్మా? నీకు రోగం లేదు గదా" అంటూ అన్నపు హస్తంతో ఇంకోసారి వేసింది. "తిను. మిగిలితే అలాగే వొగ్గేయ్."

మిగల్చలేదు. తినేసి, బస్సు వచ్చేవరకూ వాళ్ల అరుగు మీదే ఒరిగి హాయిగా నిద్రపోయాను. బస్సు టైముకి కొండమ్మే వచ్చి లేపింది.